బలమైన 1 నో ట్రంప్‌కు జవాబు: ట్రాన్స్‌ఫర్లు ఆడాలా, వద్దా?

కొత్త_చెయ్యి:
మొన్న ఆదివారం బ్రిడ్జ్ టీమ్ మ్యాచ్‌లో ఒక్క చేతిలో మాకు 12 ఇంప్‌లు (టీమ్ పోటీల స్కోరు లెక్క) పోయాయి. అప్పటి నుంచి నాకూ నా భాగస్వామికీ మధ్య వాదన తెగడం లేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను. ఆయన 15–17 పాయింట్ల (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) 1 నో ట్రంప్ తెరిచారు, అంటే తురుపు లేకుండా ఏడు ట్రిక్కులు చేస్తామని వేలం మొదలుపెట్టారు. నా దగ్గర ఇస్పేట్లు రాజు, 10, 8, 6, 3. ఆఠీన్లు 7, 2. డైమన్లు ఆసు, జాకీ, 4. కళావర్లు రాణి, 8, 5 ఉన్నాయి. మేము ట్రాన్స్‌ఫర్లు (నా పొడవైన రంగుకు కింది రంగు చెప్పి, అసలు రంగును తెరిచినవారి చేత చెప్పించే బిడ్లు) ఆడము కాబట్టి గేమ్ (అదనపు స్కోరు వచ్చే మెట్టు) దాకా ఆగకూడదని చెప్పే 3 ఇస్పేట్లు అన్నాను, ఆయన 4 అన్నారు, చెయ్యి నేనే ఆడాను. మొదటి ముక్కగా ఆఠీను జాకీ పడింది. డమ్మీలో (బల్ల మీద పరిచిన ఆయన చేతిలో) ఇస్పేట్లు ఆసు, 9, 4. ఆఠీన్లు రాజు, 5. డైమన్లు రాజు, రాణి, 6, 2. కళావర్లు ఆసు, జాకీ, 7, 3 దిగాయి. డమ్మీ రాజు తర్వాత ఆడే ప్రత్యర్థి దగ్గర ఆఠీను ఆసు, రాణి రెండూ ఉన్నాయి. రెండు ఆఠీన్లు, ఒక తురుపు, కళావరు రాజు పోయి మేము చెప్పిన పది ట్రిక్కుల కాంట్రాక్టు ఒకటి డౌన్ (ఒక ట్రిక్కు తక్కువ) అయింది. ఇవే ముక్కలతో ఆడే అవతలి బల్ల మీద అదే 4 ఇస్పేట్లను నో ట్రంప్ తెరిచిన మనిషే ఆడి 10 ట్రిక్కులు చేశారు. ట్రాన్స్‌ఫర్లు ఆడి ఉంటే ఈ నష్టం తప్పేదని నేను అంటున్నాను, ఒక్క చెయ్యి చూసి పద్ధతి మార్చుకోకూడదని ఆయన అంటున్నారు. మీరేమంటారు?

కళావరు_రాణి:
ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు. 2 డైమన్లు అంటే ఐదు ఆఠీన్లు, 2 ఆఠీన్లు అంటే ఐదు ఇస్పేట్లు. తెరిచినవారు ఆ రంగు పేరు చెబుతారు, పెద్ద ముక్కలున్న చెయ్యి మూసి ఉంటుంది, మొదటి ముక్క ఆ చేతిలోని రాజుల మీదుగా పోకుండా, చివరికి వాటి వైపుకు వస్తుంది. మీ చేతినే తీసుకోండి. అవతలి బల్ల మీద ఆసు, రాణి ఉన్న ప్రత్యర్థే మొదటి ముక్క వేయాలి. ఆఠీను వేస్తే రాజుకు ట్రిక్కు దక్కుతుంది. అందుకని ఆయన డైమనుతో మొదలుపెట్టి ఉంటారు. ఆడేవారు ఇస్పేటు ఆసు, రాజు లాగి, డైమన్లు నాలుగు తిప్పి, నాలుగో దాని మీద డమ్మీలోని ఒక ఆఠీను పారేసి ఉంటారు. ఇక పోయేవి ఒక తురుపు, ఒక ఆఠీను, ఒక కళావరు మాత్రమే.

రెండో_చెయ్యి:
నేరుగా 3 నో ట్రంప్ అని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

కళావరు_రాణి:
అది కూడా డౌనే. చిన్న ఆఠీను మొదట పడితే రాజు గెలుస్తాడు, దానితో ఎనిమిది ట్రిక్కులు అవుతాయి. తొమ్మిదో దాని కోసం ఇస్పేటు వదిలినా, కళావరు వదిలినా వాళ్ల ఆఠీన్లు వరుసగా వచ్చి పడతాయి. అందుకే ముందు 2 ఆఠీన్లు, ఆ తర్వాత 3 నో ట్రంప్ అనాలి. తెరిచినవారి దగ్గర మూడు ఇస్పేట్లు, రెండే ఆఠీన్లు ఉన్నాయి కనుక 4 ఇస్పేట్లకు మార్చుకుంటారు.

పాత_రబ్బర్:
కళావరు_రాణి గారు ఒక చెయ్యి చూపించి చట్టం చేసేశారు. ఇదే చేతిలో ఆఠీను ఆసు, రాణి రెండో ప్రత్యర్థి దగ్గర ఉండి ఉంటే కొత్త_చెయ్యి గారు ఆడినా రాజు గెలిచేవాడు. పైగా ట్రాన్స్‌ఫర్‌కు చెల్లించే ధర సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నా దగ్గర డైమన్లు రాణితో ఆరు, మొత్తం పాయింట్లు మూడు ఉన్నాయనుకోండి. నేను 2 డైమన్లు అని అక్కడే ఆగిపోతాను. మీరు ఆగలేరు, 3 డైమన్ల దాకా వెళ్లాలి. ఆ ఒక్క మెట్టు ఎన్నిసార్లు ముంచుతుందో లెక్క వేసుకున్నారా? ఇంకొకటి, మీరు ఆఠీన్లు లేకుండానే 2 ఆఠీన్లు అంటారు కాబట్టి తర్వాతి ప్రత్యర్థి దానికి డబుల్ చెప్పి, మొదట ఏ రంగు వేయాలో తన జోడీకి ఉచితంగా చెప్పేస్తాడు.

కళావరు_రాణి:
డబుల్ చెప్పేవారి దగ్గర ఆసు, రాణి ఉంటే వారు తెరిచినవారి కంటే ముందు ఆడాలి. మూసి ఉన్న రాజు వారి తర్వాత ఉంటాడు. డబుల్ విని వాళ్లు ఆఠీనే వేసినా రాజుకు ట్రిక్కు పోదు. ఇక మీ 2 డైమన్ల విషయం: ఇద్దరికీ కలిపి 20 పాయింట్ల లోపు ఉన్నప్పుడు, డైమన్ల లాంటి చిన్న రంగులో మిమ్మల్ని 2 దగ్గర ప్రశాంతంగా ఆడనిచ్చే ప్రత్యర్థులు నాకైతే ఎప్పుడూ తగలలేదు.

పాత_రబ్బర్:
మీకు తగలలేదు, నాకు తగిలారు. 2 డైమన్లు ఆడి చేసిన చేతులు నా పుస్తకంలో రాసి ఉన్నాయి.

డల్లాస్_నుంచి:
ఇక్కడ అమెరికాలో తెరిచినవారి భాగస్వామి 2 డైమన్లు అనగానే, దాని అర్థమేమిటో తెరిచినవారు ప్రత్యర్థులకు పైకి చెప్పాలి. ఇది మరీ మూలపాఠం కాబట్టి కొత్తవాళ్లకు మొదటి నెలలోనే నేర్పేస్తారు. ఆస్వాల్డ్ జాకోబీ దీన్ని అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది 1956లో. అంతకు కొంచెం ముందే స్వీడన్‌లో ఓలె విల్నర్ ఇదే ఆలోచన రాశారు. ఇంతకాలం నిలిచిందంటే ఊరికే నిలవదు.

పాత_రబ్బర్:
పైకి చెప్పడం గురించి ఎత్తారు కనుక నా అనుభవం కూడా వినండి. విశాఖపట్నంలో ఒక పోటీలో, నాకు ఇష్టం లేకపోయినా భాగస్వామి పట్టుబట్టాడని ట్రాన్స్‌ఫర్లు ఆడాను. ఆరు ఆఠీన్లతో నేను 2 డైమన్లు అన్నాను. పట్టుబట్టిన ఆ మహానుభావుడే మరచిపోయి పాస్ అన్నాడు. ఇద్దరికీ కలిపి ఐదు డైమన్లు. నేనే ఆడుతూ ఆ చెయ్యి ముక్కముక్కగా కూలడం చూశాను. మామూలుగా 2 ఆఠీన్లు అని ఉంటే కళ్లు మూసుకుని ఎనిమిది ట్రిక్కులు చేసేవాణ్ణి.

కళావరు_రాణి:
మరచిపోయిన మనిషిని వదిలేసి పద్ధతిని తిట్టడం ఏమి న్యాయం? మరచిపోయేవాడు స్టేమన్‌నూ (నాలుగు ఆఠీన్లో ఇస్పేట్లో ఉన్నాయా అని అడిగే 2 కళావర్ల బిడ్) మరచిపోతాడు. మీ వాక్యంలో నాకు ఆనింది మాత్రం వేరే మాట. «చేసేవాణ్ణి» అన్నారు. ఇప్పటి వరకు మీరు రాసినవన్నీ మళ్లీ చదివాను: «నేను ఆగిపోతాను», «నా పుస్తకంలో», «నేనే ఆడుతూ». మీ అభ్యంతరం 2 డైమన్ల గురించి కానే కాదు. ట్రాన్స్‌ఫర్ ఆడితే నో ట్రంప్ తెరిచినవారే చెయ్యి ఆడతారు, మీరు ముక్కలు పరిచి కూర్చోవాలి. అది మీకు మింగుడు పడటం లేదు.

రెండో_చెయ్యి:
ఇప్పుడు అసలు ఆట మొదలైంది.

నిర్వాహకులు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. చేతుల గురించే మాట్లాడండి.

పాత_రబ్బర్:
వద్దన్నా చెబుతాను, ఎందుకంటే ఆవిడ అన్నది సగం నిజమే, అందులో నేను సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నేను వారం వారం కూర్చునేది ఆట నేర్చుకుంటున్న ఒక యువకుడితో. అతను 1 నో ట్రంప్ తెరిచి, నా దగ్గర ఐదు ఇస్పేట్లు ఉంటే, ఆ చెయ్యి నేను ఆడితే ఒక ట్రిక్కు ఎక్కువ వస్తుందని అతనికీ తెలుసు. పెద్ద ముక్కలు మూసి ఉండటం వల్ల వచ్చే లాభం, చెయ్యి అతను ఆడటం వల్ల పోయే ట్రిక్కుతో చెల్లు. పద్ధతి అనేది కాగితం మీది ముక్కలకు కాదు, బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు మనుషులకు సరిపోవాలి. సమవుజ్జీలైన జోడీలు ట్రాన్స్‌ఫర్లు ఆడుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు.

కళావరు_రాణి:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంతసేపు ఆరు డైమన్ల గురించి కొట్టుకునేవాళ్లం కాము. నేను ఆట మొదలుపెట్టినప్పుడు నా మొదటి భాగస్వామి కూడా సరిగ్గా మీలాగే ఆలోచించేవారు. నా చేతికి కాంట్రాక్టు రాకుండా వేలాన్ని మళ్లించడంలో ఆయన దిట్ట. కొన్నేళ్లు ముక్కలు పరచి చూస్తూ కూర్చున్నాను. ఆయన మానేశాక, ఫినెస్ (ప్రత్యర్థి పెద్ద ముక్క ఎటు ఉందో ఊహించి, చిన్నదానితో ట్రిక్కు గెలిచే ప్రయత్నం) ఎటు వైపు తీయాలో, తురుపులు ఎప్పుడు లాగాలో మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. మీ యువకుడికి ఈ ఏడాది ఆ ఒక్క ట్రిక్కు పోనివ్వండి. పైగా మీ లెక్కలో ఇంకో లోపం ఉంది: నో ట్రంప్ అతను తెరిచినంత తరచుగానే మీరూ తెరుస్తారు. ట్రాన్స్‌ఫర్లు ఆడితే అప్పుడు అతని ఐదు ఇస్పేట్ల చేతులు మీకే వస్తాయి. మీరు వద్దంటున్నది ఆ చేతులను కూడా.

పాత_రబ్బర్:
ఆ చివరి మాట ఆలోచించదగినదే. అతను జవాబు చెప్పేటప్పుడు ట్రాన్స్‌ఫర్, నేను చెప్పేటప్పుడు మామూలు బిడ్ అని పెట్టుకుంటే?

డల్లాస్_నుంచి:
పోటీల్లో సాధారణంగా అది కుదరదండీ. జోడీలో ఇద్దరూ ఒకే పద్ధతి కార్డు (తమ బిడ్ల అర్థాలు రాసిన పత్రం) పెట్టుకుని ఒకేలా ఆడాలి.

కొత్త_చెయ్యి:
అందరికీ ధన్యవాదాలు. ఈ చర్చను మా భాగస్వామికి చూపించాను. చేతులు ఎవరు ఆడాలన్న చోట ఆయన కాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత ఆఠీన్లు, ఇస్పేట్ల వరకు ట్రాన్స్‌ఫర్లకు ఒప్పుకున్నారు. కార్డులో ఇంకొక గడి మిగిలింది. నేను 2 ఆఠీన్లు అన్నప్పుడు ఆయన దగ్గర నాలుగు ఇస్పేట్లు, 17 పాయింట్లు ఉంటే 2 బదులు నేరుగా 3 ఇస్పేట్లకు ఎగరవచ్చా?

కళావరు_రాణి:
ఎగరాలి. తొమ్మిది తురుపులు ఉన్నప్పుడు మూడు దాకా వెళ్లడం పెద్ద ప్రమాదం కాదు, పైగా మీ దగ్గర ఏడు పాయింట్లే ఉన్నా గేమ్ దొరుకుతుంది.

పాత_రబ్బర్:
నన్నడిగితే వద్దు. మీ దగ్గర ఒక్క పాయింటు కూడా లేని రోజున, 2 దగ్గర ఆగుదామని ట్రాన్స్‌ఫర్ చేసిన చేతిని ఆయన తీసుకెళ్లి 3లో కూర్చోబెడతారు. ఆ గడి ఖాళీగా వదిలి ముందు నాలుగు ఆటలు ఆడి చూడండి.

కళావరు_రాణి:
ఒక్క పాయింటు కూడా లేని చెయ్యి మీకు ఎన్నిసార్లు వచ్చిందో అదీ ఆ పుస్తకంలో రాసి ఉందా?

పాత_రబ్బర్:
ఉంది. రేపు చూసి చెబుతాను.