1టీబీ హార్డ్ డిస్క్ సగం ఖాళీ, అయినా ల్యాప్‌టాప్ మెమరీ ఫుల్ అంటోంది, ఏం చేయాలి?

గోదారిగట్టు:
నమస్తే అండి. 2018లో కొన్న ల్యాప్‌టాప్, ఐ5 8వ జనరేషన్, 4జీబీ ర్యామ్, 1టీబీ హార్డ్ డిస్క్. మా చెల్లి బీకామ్ చదువుతోంది, ట్యాలీ, ఎక్సెల్, క్రోమ్ తప్ప ఇంకేం వాడదు. ఆన్ చేసి టీ పెట్టుకుని తాగొచ్చినా ఆ సున్నా తిరుగుతూనే ఉంటోంది, క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే మెమరీ చాలట్లేదని మెసేజ్. ఫోటోలు సినిమాలు అన్నీ తీసేశా, 500జీబీ ఖాళీ ఉంది, అయినా అదే గోల. ఒక షాపులో కొత్తది కొనుక్కోమన్నారు, ఇంకో షాపులో ర్యామ్ వేస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు.

చిప్‌మామ:
సినిమాలు తీసేస్తే ఖాళీ అయ్యేది డిస్కు, దానికీ ర్యామ్‌కీ సంబంధం లేదండి. మీకు చాలట్లేదన్నది ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములు నడిచేటప్పుడు వాడుకునే చోటు. డబ్బులు పెట్టేముందు ఒక పని చేయండి, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళి మెమరీ మీద నొక్కండి, ఎంత వాడుతోంది, స్పీడెంత, స్లాట్లు ఎన్ని వాడింది అన్నీ అక్కడే ఉంటాయి. డిస్క్ పర్సెంటేజీ కూడా చూసి చెప్పండి.

గోదారిగట్టు:
చూశానండి. మెమరీ 3.9లో 3.5 వాడుతోంది, స్పీడ్ 2400, స్లాట్లు 2లో 1 అని ఉంది. డిస్క్ మాత్రం 100 దగ్గరే ఉండిపోయింది, ఏమీ తెరవకపోయినా! 4కి 3.9 ఏంటి, అది కూడా కొట్టేశారా?

చిప్‌మామ:
హహ, ఎవరూ కొట్టేయలేదు. మీ దాంట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనట్టుంది, అలాంటప్పుడు స్క్రీన్ మీద బొమ్మ చూపించడానికి ర్యామ్‌లోంచే కొంత పక్కకి తీసి పెట్టుకుంటుంది. అసలు విషయం ఆ డిస్క్ 100. ర్యామ్ నిండిపోయాక విండోస్ ఊరుకోదు, అప్పటికి వాడని సరుకుని డిస్కులో పేజ్‌ఫైల్ అని ఒకటుంటుంది, అందులో పడేసి కావాల్సినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది, ఎక్సెల్‌లోంచి క్రోమ్‌కి మారినప్పుడల్లా ఇదే తంతు. మీది 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్కే అయ్యుంటుంది, నిమిషానికి 5400 చుట్లన్నమాట, అంటే లోపల ప్లేటు ఒక్క చుట్టు తిరగడానికే 11 మిల్లీసెకన్లు, పైగా డేటా చదివే హెడ్ సరైన చోటికి జరగాలి. ఎస్ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ బదులు వేసుకునే చిప్‌ల డిస్కు, దాంట్లో తిరిగేది ఏదీ లేదు, మిల్లీసెకన్‌లో పదో వంతులోపే ఇచ్చేస్తుంది. అందుకే నా ఓటు ముందు ఎస్ఎస్‌డీకి, తర్వాతే ర్యామ్.

వరంగల్‌పోరడు:
అన్నా, ర్యామ్ ఆపుడెందుకు? 4జీబీల విండోస్ లేసేసరికే సగం పైన పోతది, ఎస్ఎస్‌డీ వేసినా పేజ్‌ఫైల్ కొట్టుకుంటనే ఉంటది. ఒక స్లాట్ ఖాళీనే ఉంది కదా, 8జీబీ స్టిక్ ఒకటి వేస్తే 12 అయితది. డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్ అని అడుగుర్రి, డెస్క్‌టాప్‌ది పొడుగుంటది, అది పట్టది. డీడీఆర్3 అంటగడితె తీస్కోకుర్రి, గాటు వేరే చోట ఉంటది, దిగనే దిగది. 3200ది దొరికినా నడుస్తది, 2400కే దిగి పనిజేస్తది. కాకపోతె 2025 ఆఖరుకెల్లి ర్యామ్ రేట్లు మస్తు పెరిగినయ్, పాత స్టిక్కు ఎవరన్నా అమ్ముతున్నరేమో చూడుర్రి.

చిప్‌మామ:
రెండూ వేసుకోగలిగితే అంతకంటే ఏం కావాలి తమ్ముడూ, ఒక్కదానికే డబ్బులుంటే మాత్రం ఎస్ఎస్‌డీయే అంటా. గోదారిగట్టు గారూ, కొనేముందు అడుగున ఉన్న మోడల్ నంబరు పెట్టి మ్యాన్యువల్ వెతకండి. ఎం.2 స్లాట్, అంటే సన్నటి పట్టీలాంటి ఎస్ఎస్‌డీ దిగే చోటు, ఉంటే పాత డిస్కు కూడా ఉంచేసుకోవచ్చు. అయితే స్లాట్ ఉంది కదా అని ఎన్‌వీఎంఈ అనే ఎక్కువ వేగం రకం కొనేయకండి, కొన్నిట్లో అదే స్లాట్ సాటా అనే పాత, నెమ్మది రకానికి మాత్రమే పనిచేస్తుంది. ఎం.2 లేకపోతే 2.5 అంగుళాల సాటాది, హార్డ్ డిస్క్ తీసిన చోటే కూర్చుంటుంది. సాటా సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ 3000 దాటుతుంది అంటారు, నిజమే, కానీ ట్యాలీకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. విండోస్‌కి మళ్ళీ డబ్బులు అడిగితే ఇవ్వకండి, యాక్టివేట్ అయిన ఒరిజినలైతే లైసెన్సు మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్కు మారినా అదే వచ్చేస్తుంది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, మీ 8వ జనరేషన్‌కి 11 పడుతుంది కాబట్టి ఎలాగూ కొత్తగా వేస్తున్నారు, అదే వేయించండి. ముందు ట్యాలీ డేటా ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయడం మర్చిపోకండి.

గోదారిగట్టు:
512జీబీ సాటాది వేయించానండి, డెస్క్‌టాప్ అరనిమిషంలోపే వచ్చేస్తోంది, చెల్లి ఎగిరి గంతేసింది. ర్యామ్ వచ్చే నెల. కాకపోతే 476 అనే చూపిస్తోంది, ఈసారి నిజంగానే మోసపోయానా?

వరంగల్‌పోరడు:
లేదక్కా, సరిగ్గనే ఉంది. కంపెనోళ్ళు జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కవెడ్తరు, విండోస్ 1024ని మూడుసార్లు గుణిస్తది, గప్పుడు జీబీకి 107 కోట్ల పైన పడ్తది. 512ని గట్ల భాగిస్తె 476 వస్తది. మీ పాత 1టీబీ గూడ 931 అనే చూపెట్టి ఉంటది, సూడుర్రి.