1932 మిట్రోపా కప్ నుంచి స్లావియాను ఎందుకు తొలగించారు?

నమస్కారం. మధ్య ఐరోపా ఫుట్‌బాల్ క్లబ్బుల కోసం 1927లో మొదలైన మిట్రోపా కప్‌లో, 1932 నాటి పోటీల గురించి తెలిసినవారి సహాయం కోరుతున్నాను. ఆ ఏడాది ఆస్ట్రియా, చెకోస్లొవేకియా, హంగరీ, ఇటలీల నుంచి ఎనిమిది జట్లు ఆడాయి. సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో ప్రాగ్ నగరపు స్లావియా సొంత మైదానంలో యువెంటస్‌ను 4-0తో ఓడించింది. టూరిన్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లో యువెంటస్ 2-0 ఆధిక్యంలో ఉండగా, ప్రేక్షకుల్లోంచి వచ్చిన రాయి గోల్‌కీపర్ ఫ్రాంటిషెక్ ప్లానిచ్కాకు తగలడంతో స్లావియా ఆటగాళ్లు మైదానం విడిచి వెళ్లిపోయారు. నిర్వాహకులు రెండు జట్లనూ పోటీ నుంచి తొలగించారు. ఇంకో సెమీఫైనల్లో ఫస్ట్ వియన్నాను దాటి వచ్చిన బొలోన్యా ఫైనల్ ఆడకుండానే విజేత అయింది.

బొలోన్యా గెలుపును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దెబ్బ తిన్న జట్టుకూ అదే శిక్ష పడడం, అదీ రెండు మ్యాచ్‌లూ కలిపి స్లావియా 4-2తో ముందున్నప్పుడు, నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచడం లేదు. అనుమతి లేకుండా మైదానం విడవడాన్నే నేరంగా పరిగణించారా, లేక ప్రాగ్ మ్యాచ్‌లో ప్రేక్షకుల ప్రవర్తనను కూడా లెక్కలోకి తీసుకున్నారా? ఆ తీర్పు పూర్తి పాఠంగానీ, నాటి చెక్, ఇటాలియన్ పత్రికల కథనాలుగానీ ఎక్కడ చదవవచ్చో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.