'పైనుంచి రాలేదు': ఈ పైన ఎక్కడుంది?

ప్రశ్న (హనుమకొండ): మా దగ్గర తహసీల్ ఆఫీసుకు ఏ పని మీద పోయినా "పైనుంచి రాలేదు" అంటారు. పాస్‌బుక్కు పైనుంచి రావాలి, ఆర్డర్ పైనుంచి రావాలి, బడ్జెట్ సంగతి సరే సరి. ఎవరీ పైన ఉన్నది?

జవాబు: ఆ పేరు చెప్పకుండా తప్పించుకోవడానికే ఆ వాక్యం. 'ఇయ్యలేదు' అంటే ఇచ్చేవాడొకడు ఉండాలి, రేపు పోయి నిలదీయొచ్చు. 'రాలేదు'కు పాస్‌బుక్కే కర్త, ఇక దాన్నేం అడుగుతాం! ఇంకోటి గమనించండి, ఆ మాట అనేటప్పుడు గుమస్తా చెయ్యి సీలింగ్ ఫ్యాన్ వైపు లేస్తుంది.

రాజ్యాన్ని, అంటే సర్కారు యంత్రాంగాన్ని, అధ్యయనం చేసే మానవశాస్త్రజ్ఞులు చాలామంది చట్టాలు పక్కనపెట్టి, ఇట్లాంటి బల్లల దగ్గరే కూర్చుని చూస్తారు. వాళ్లలో ఒకరైన అఖిల్ గుప్తా 1995లో రాసిన వ్యాసంలో పశ్చిమ ఉత్తరప్రదేశ్ పట్వారీ ఒకాయన ఉంటాడు. ఇంట్లో వీధిలోకి తెరుచుకునే గదే ఆయన ఆఫీసు. పని మీద వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఎంత ఇవ్వాలో, ఎట్లా ఇవ్వాలో తెలియక నవ్వులపాలవుతారు. మన పెద్దలు చెప్పే పట్వారీ ముచ్చట్లకు దీనికి పెద్ద తేడా లేదు, అక్కడ ఇల్లెంత వరకో సర్కారెంత వరకో ఎవరూ గీత గీయలేరు.

2002లో ఆయనే జేమ్స్ ఫెర్గూసన్ అనే మరో మానవశాస్త్రజ్ఞుడితో కలిసి మీ ప్రశ్న మీదికే వచ్చాడు. రాజ్యం పైన ఉన్నదని మనకు అనిపించేలా చేసేవి రోజువారీ పనులే అంటారు, అందుకు అంగన్‌వాడీలనే చూపిస్తారు. పై అధికారి చెప్పాపెట్టకుండా వచ్చి రిజిస్టర్లు తీయమనొచ్చు, టీచర్ పోయి ఆ అధికారి రిజిస్టర్లు తీయమనలేదు కదా.

అన్నట్టు, జీతం కాక వచ్చేదాన్ని 'పై రాబడి' అంటాం. ఆ పై వేరు, అదనం అని అర్థం. కానీ పైనుంచి రానిది కాస్త పై ఖర్చు పెడితే వచ్చేస్తుంది.

ఇంకొకరు (జనగామ): అందరినీ ఒకే గాటన కట్టకండి సార్. మా అక్క అంగన్‌వాడీ టీచరే. గుడ్లు రాకపోతే తల్లులు నిలదీసేది ఆమెను, "పైనుంచి రాలేదమ్మా" అనక ఇంకేం అంటది? పిల్లల బరువులు యాప్‌లో ఎక్కించాలి, సిగ్నల్ లేకపోతే అవీ పైకి పోవు, మళ్లీ తిట్లు ఆమెకే. పోనీ సూపర్‌వైజర్‌ను అడుగుదామంటే ఆమె కూడా అదే మాట అంటది.