గీతలో ఊపు రావాలంటే ఎలా ప్రాక్టీస్ చేయాలి?

సిరాచుక్క:
అందరికీ నమస్కారం అండి. బ్రాడ్ నిబ్‌తో, అంటే వెడల్పు మొన పెన్నుతో, ఇటాలిక్, ఫౌండేషనల్ అనే రెండు ఇంగ్లిష్ రాత శైలులూ బాగానే కుదిరాయి, నిబ్ యాంగిల్ కూడా చేతికి అలవాటైంది. ఇప్పుడు ఆ ఎగిరే గీతలు, చిమ్మిన సిరా ఉండే ఎక్స్‌ప్రెసివ్ కాలిగ్రఫీ నేర్చుకోవాలని చాలా ఆశగా ఉంది. రూలింగ్ పెన్‌తో స్పీడ్‌గా రాస్తే గజిబిజి అయిపోతోంది, నెమ్మదిగా రాస్తే గీతలో ప్రాణం ఉండట్లేదు. దీనికో పద్ధతి ఉందా, లేక రాయగా రాయగా చెయ్యే తిరుగుతుందా?

గాలిగీత:
ముందు స్పీడ్ సంగతి వదిలేయండి. ఊపు వేగం వల్ల రాదు, వేగం మారడం వల్ల వస్తుంది. ఒకే అక్షరంలో ఒకచోట నిదానించి, వంపు దగ్గర కాస్త ఆగి, అక్కణ్ణుంచి ఒక్కసారిగా లాగేయాలి, మొత్తం ఒకే స్పీడ్‌లో పోతే అది ఎంత ఫాస్ట్‌గా రాసినా చదునుగానే కనిపిస్తుంది. కూర్చుని మణికట్టుతో రాస్తుంటే అది మానేసి నిలబడండి, పెద్ద న్యూస్‌ప్రింట్ షీట్ వేసుకోండి, చెయ్యి భుజం నుంచి కదలాలి. పెన్ను కాగితానికి తగలకముందే చెయ్యి కదులుతూ ఉండాలి, పైకి లేచాక కూడా ఆ కదలిక సాగాలి. కొన్నాళ్ళు అక్షరాలే వద్దు, ఉత్త గీతలూ సుడులూ చాలు.

రేకుకలం:
రూలింగ్ పెన్ ఎలా పట్టుకుంటున్నారో చెప్పలేదు మీరు. అది డ్రాఫ్టింగ్ వాళ్ళు ఒకే మందంలో గీతలు గీయడానికి వాడిన పరికరం, రెండు రేకుల మధ్య సిరా నిలుస్తుంది. నిలబెట్టి మొనతో రాస్తే సన్నగీత, పక్కకి వాల్చి రేకు అంచు కాగితానికి ఆనిస్తే లావు గీత, అంటే లావూ సన్నం వాలుతో తేవాలి గానీ ఒత్తిడితో కాదు. చాలామంది ఇక్కడే ఒత్తేసి కాగితం గీకేస్తారు. గీత చివర చీలినట్టు, పొడిపొడిగా రావాలంటే గరుకు వాటర్‌కలర్ పేపర్ మీద సిరా తక్కువ పెట్టుకుని లాగండి. కూల్‌డ్రింక్ టిన్ను రేకు మడిచి పుల్లకి కట్టి కూడా ఇలాంటి పెన్ను చేసుకోవచ్చు, అంచులు తెగుతాయి, వేళ్ళు జాగ్రత్త.

పాతసిరా:
గాలిగీత గారు చెప్పింది నిజమే కానీ అక్షరాలు వద్దు అనే మాటకి నేను ఒప్పుకోను. చైనాలో టాంగ్ రాజుల కాలపు కాలిగ్రాఫర్ జాంగ్ షూ అంటే అందరికీ విచ్చలవిడి గొలుసుకట్టు రాతే గుర్తొస్తుంది, కానీ ఆయనే 741లో రాసిన ఒక శాసనపాఠం కైషూ అనే కుదురైన, విడివిడి గీతల రాతలో, ఎక్కడా ఒక్క గీత తొణక్కుండా ఉంటుంది. అక్షరం అస్థిపంజరం, అంటే దాని అసలు కట్టు, అంతగా తెలిసింది కాబట్టే దాన్ని అంతలా వంచగలిగాడు. టాంగ్ కాలపు మరో కాలిగ్రాఫర్ హ్వాయ్ సూ 777లో తన ఆత్మకథ రాసిన కాగితపు చుట్ట ఫొటోలు కూడా చూడండి, మొదట్లో నిదానంగా ఉన్న రాత పోనుపోను ఎలా చెలరేగుతుందో. సిరా లేని బ్రష్‌తో ఆ దారిలోనే చెయ్యి తిప్పి చూడండి, ఎక్కడ ఆగాడో ఎక్కడ పరిగెత్తాడో చేతికే తెలుస్తుంది.

సిరాచుక్క:
అందరికీ చాలా థాంక్స్ అండి. నేను పెన్ను నిలబెట్టే రాస్తున్నాను, అందుకే అన్నీ సన్నగా వస్తున్నాయేమో. పాతసిరా గారూ, తెలుగు అక్షరాలకి అస్థిపంజరం అంటే ఏది పట్టుకోవాలి?

పాతసిరా:
గుండ్రని ఒంటినీ, తలకట్టు ఉన్న చోటునీ పట్టుకోండి. తలకట్టు ఎంత పొడుగు లాగినా, ఎటు విసిరినా అక్షరం తెలుస్తుంది, లోపలి ఖాళీ మూసుకుపోతే మాత్రం పోతుంది. ఒకే పదం ఒక కట్ట కాగితాల మీద రాసి అన్నీ గోడకి అంటించి దూరం నుంచి చూడండి, ఖాళీలు బాగున్నవి ఉంచి మిగతావి తీసేయండి.

గాలిగీత:
సరే, అక్షరాల మాట ఒప్పుకుంటున్నా. కానీ నిలబడే రాయండి!