థైరాయిడ్ ఉన్నావిడకు కంటి ప్రెజర్ 26, గ్లాకోమానేనా (నీటికాసులు)?

పీలేరు_విజన్:
44 ఏళ్ళావిడ. హైపర్‌థైరాయిడ్‌కు (థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం) నాలుగు నెలలుగా కార్బిమజోల్ మాత్రలు వాడుతున్నారు. గాలి ఊదే మిషన్‌లో కంటి ప్రెజర్ కుడి 26, ఎడమ 23 (మామూలుగా 21 లోపు). కళ్ళు కొంచెం ముందుకొచ్చాయి. రెండు కళ్ళలోనూ కప్పు నిష్పత్తి (కంటి నరం మొదట్లో గుంట ఎంత భాగమో) 0.4. ఇక్కడి డాక్టరుగారు టిమోలాల్ (ప్రెజర్ తగ్గించే చుక్కలు) మొదలుపెడదామా అంటున్నారు. తిరుపతి పంపేలోగా ఏం చూసి పెట్టాలి?

అప్లనేషన్_తిరుపతి:
ముందు ప్రెజర్ మళ్ళీ కొలవండి, ఈసారి గోల్డ్‌మాన్‌తో (కంటిని తాకి కొలిచే మిషన్). థైరాయిడ్ కంటి జబ్బులో కంటిగుడ్డును కదిలించే కండరాలు వాచి బిగుసుకుంటాయి, ముఖ్యంగా కింది కండరం. గడ్డం పట్టీ మీద తల కాస్త వంగినా చాలు, మిషన్‌ను చూడటానికి కన్ను పైకి తిరగాలి. అప్పుడు ఆ కండరం గుడ్డును నొక్కి అంకె పెంచుతుంది. అందుకే చూపు నేరుగా ఉండేలా పట్టీ ఎత్తు సరిచేయండి. రెప్పలు ఎత్తాల్సి వస్తే వేలు ఎముక అంచు మీద ఉండాలి, గుడ్డు మీద కాదు. తర్వాత పైకి చూడమని ఇంకోసారి కొలవండి, రెండు అంకెలూ విడిగా రాయండి. కార్నియా (కంటి ముందు పారదర్శక పొర) మందం కూడా కావాలి. సగటు 540 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, అంతకన్నా మందమైతే అంకె ఎక్కువ చూపిస్తుంది.

అలాగని నిజంగా పెరగదని కాదు. కంటి గుంతలో వాపుతో సిరలు నిండిపోతే కంట్లోని నీరు బయటికి పోవడం కష్టమవుతుంది. ఏ అంకె వచ్చినా గోనియో (నీరు బయటికి పోయే మూల చూసేది), ఓసీటీ (కంటి నరం స్కాన్), ఫీల్డ్ పరీక్ష (చుట్టూ ఎంతవరకు కనిపిస్తుందో) తప్పవు.

నరం_ముఖ్యం:
నాకు ప్రెజర్ కన్నా ఆప్టిక్ నరం (చూపును మెదడుకు చేర్చేది) గురించే భయం. వాచిన కండరాలు వెనకాల నరాన్ని నొక్కితే ప్రెజర్ మామూలుగానే, 15 ఉన్నా చూపు పోతుంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే మూడు పనులు చేయండి: ఒక్కో కంటికి విడిగా చూపు, ఇషిహారా పుస్తకంతో రంగుల పరీక్ష, టార్చి అటూ ఇటూ తిప్పి పాప స్పందన. రెండు నరాలూ సమానంగా దెబ్బతింటే టార్చి పరీక్షలో తేడా కనిపించదు, కాబట్టి రంగుల పరీక్ష వదలొద్దు. ఎర్ర రంగు వెలిసినట్టుందన్నా, చూపు తగ్గిందన్నా ఆరోజే పంపాలి.

పీలేరు_విజన్:
రంగులు, పాప బాగున్నాయండీ. చూపు 6/6. అడిగితే ఇంకో సంగతి బయటపడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయని మందుల షాపులో ఇచ్చిన డెక్సామెథాసోన్ (స్టెరాయిడ్) చుక్కలు మూడు వారాలుగా వేసుకుంటున్నారట, రోజుకు నాలుగుసార్లు.

అప్లనేషన్_తిరుపతి:
అయితే ముందు అనుమానించాల్సింది ఆ సీసానే. స్టెరాయిడ్ కంట్లో నీరు బయటికి పోయే జల్లెడను మూసుకుపోయేలా చేస్తుంది. తేలిగ్గా స్పందించే కళ్ళలో రెండు మూడు వారాలకే ప్రెజర్ లేస్తుంది, నొప్పి ఉండదు. ఎలా ఆపాలో కంటి డాక్టరుగారే చెప్పాలి, ఆపాక మామూలుగా కొన్ని వారాల్లో దిగుతుంది. ముందు ముందు థైరాయిడ్ కంటికే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రాయొచ్చు. చుక్కలకు ప్రెజర్ పెరిగిన సంగతి చీటీ మీద పెద్దక్షరాలతో రాయండి.

టిమోలాల్ అన్నారు కదా, ఆస్తమా ఉందేమో అడగండి, నాడి చూడండి. గుండెదడకు ప్రొప్రనలాల్ వాడుతుంటే రెండూ కలిసి నాడిని మరీ తగ్గిస్తాయి.

నరం_ముఖ్యం:
తిరుపతిలో థైరాయిడ్‌కు స్విమ్స్ ఆసుపత్రి ఎండోక్రైన్ (హార్మోన్ల) విభాగం, కంటికి రుయా ఆసుపత్రి గానీ అరవింద్ కంటి ఆసుపత్రి గానీ. టీఎస్‌హెచ్, టీ3, టీ4 (థైరాయిడ్ రక్తపరీక్షల) రిపోర్టులు, మాత్రల అట్ట, ఆ చుక్కల సీసా వెంట పంపండి. పాప పెద్దది చేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, తోడు ఎవరైనా రావాలి. ఇంట్లో ఎవరైనా బీడీ, సిగరెట్ తాగుతుంటే ఆవిడ దగ్గర ఆపమనండి, పొగ ఈ జబ్బును ముదరబెడుతుంది.