పాత వ్యాన్‌లో తిరిగే సీటు: తలుపుకి తగులుతోంది

ప్రశ్న: అన్నా, నెల్లూరులో పాత వ్యాన్‌ని క్యాంపర్‌గా (లోపలే ఉంటా ఊళ్లు తిరిగే బండిగా) మారుస్తున్నాం. ఎడమ సీటు కింద స్వివెల్ ప్లేటు (సీటుని తిప్పే ఇనుప పలక) బిగిస్తే సగం తిరిగి తలుపుకి తగులుకుంటోంది. కూర్చుంటే కాళ్లు నేలకి సరిగ్గా ఆనట్లా. ఏం చెయ్యాల?

జవాబు 1: నీది నడిమధ్య ఇరుసున్న ప్లేటు, తమ్ముడూ. ఇరుసు పక్కకి ఉండేది తీసుకో, తిరిగేటప్పుడు సీటు లోపలికి జరుగుతుంది. అప్పటిదాకా తలుపు తెరిచి, సీటు వీపుభాగం నిటారుగా పెట్టి తిప్పు. కాళ్ల సంగతంటావా, ప్లేటు మందమే 40-50 మి.మీ. ఉంటది, సీటు అంత లేస్తుంది. ఆటోనగర్‌లో సీటుని మోసే కింది పెట్టెని కోసి, పొట్టి చేసి వెల్డింగ్ చేస్తామంటారు, ఒప్పుకోబాక. బండి గుద్దుకుంటే బరువంతా ఆ అతుకు మీదే. పొట్టి పెట్టె వేరేగా చేయించు.

జవాబు 2: బోల్టులు 8.8 గ్రేడుకి (బోల్టు గట్టితనం లెక్క) తగ్గొద్దు, నైలాక్ నట్లు (వదులు కాకుండా లోపల నైలాన్ రింగు ఉండేవి) కొత్తవే వెయ్యి. ఎం8 (8 మి.మీ. బోల్టు) అయితే సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగువు, అదీ బిగువు కొలిచే టార్క్ రెంచితోనే. కింది బోల్టు తల పొడుగైతే పైప్లేటుకి గీసుకుని కిర్రుమంటది. సీటు కింద వైరుకి ఒక చుట్ట వదులు ఉంచు, లేకుంటే తిప్పినప్పుడు తెగుద్ది. మైపాడు ఉప్పుగాలికి బేరింగ్ తుప్పు పడతది, గ్రీజు మర్చిపోబాక.

జవాబు 3: బండి కదిలేముందు సీటు ముందుకి తిప్పి లాక్ పడిందో లేదో కుదిపి చూడండి. ఇంకోటి, బండిలో మార్పుల మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, మార్పులకి ముందే ఆర్టీవోలో అడగండి.