రోడ్డేసింది కాంట్రాక్టర్, పాడైతే అడగాల్సింది ఎవర్ని?

పల్లెకుర్రాడు: మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి పీఎంజీఎస్‌వైలో (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, కేంద్రం పల్లె రోడ్ల పథకం) తారు రోడ్డు వేశారు, రెండు వానాకాలాలు తిరక్కుండానే అంచులు విరిగి కంకర తేలిపోయింది, ఆటోవాళ్లు రామంటున్నారు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఫోన్ చేస్తే కాంట్రాక్టర్‌ని అడగమంటారు, ఆయనేమో సబ్ కాంట్రాక్టర్‌కి ఇచ్చేశా, డిపార్ట్‌మెంట్‌తో చూస్కోండి అంటాడు. కాంట్రాక్టర్ మీద ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వెయ్యొచ్చా?

గోదారిగట్టు: వెయ్యలేవు బ్రో, అతను పబ్లిక్ అథారిటీ కాదు. అయినా అతనితో నీకేం పని, బిల్లు పాస్ చేసింది పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసు కదా, అక్కడ సమాచారం ఇచ్చే అధికారి పీఐఓకి పెట్టు. అగ్రిమెంట్, ఎస్టిమేట్, క్వాలిటీ టెస్టు రిపోర్టులు, ముఖ్యంగా ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ అడుగు. ఎన్ని మీటర్లు, ఎంత మందం అని కొలతలు రాసి సంతకాలు పెట్టింది ఇంజనీర్లే, అవి చేతికొస్తే ఇంక "కాంట్రాక్టర్‌ని అడగండి" అనే మాట రాదు. ఒకటి గుర్తుపెట్టుకో, "రోడ్డు ఎందుకు పాడైంది" అని మాత్రం రాయకు, అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు.

నల్లరేగడి: పైన చెప్పింది కరెక్టే. ఇంకోటి, పీఎంజీఎస్‌వై రోడ్డు పూర్తయ్యాక 5 ఏళ్లు మెయింటెనెన్స్ ఆ కాంట్రాక్టర్‌దే, అగ్రిమెంట్‌లోనే ఉంటుంది. రోడ్డు మొదట్లో బోర్డు ఉండాలి, పూర్తయిన తేదీ చూడు. ఈ రోడ్ల ఫిర్యాదులకి ఉన్న మేరీ సడక్ యాప్‌లో గుంతల ఫొటోలు కూడా పెట్టు. ఆర్టీఐ సెక్షన్ 2(జె) ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసి మెటీరియల్ శాంపిల్ సర్టిఫై చేయించి తీసుకోవచ్చు, ఇది చాలామందికి తెలీదు.

చేదునిజం: కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ 2023 అక్టోబర్‌లో కుంగితే ఎవరి ఖర్చుతో బాగుచేయాలో కట్టిన కంపెనీకీ ఇరిగేషన్ వాళ్లకీ తెగలేదు, మీ ఊరి రోడ్డు ఎవడు పట్టించుకుంటాడు అన్నా 😂

గోదారిగట్టు: అక్కడా తలనొప్పి కాగితాల దగ్గరే కదా, పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చేశాక కాంట్రాక్టర్ ఎందుకు ఒప్పుకుంటాడు? అందుకే ఇక్కడ 5 ఏళ్లు దాటకముందే రాతపూర్వకంగా కంప్లయింట్ పెట్టాలి, ఫోన్ కాల్‌కి సాక్ష్యం ఉండదు.

రిటైర్డ్ క్లర్క్: బాబూ, "వాణిజ్య రహస్యం" అని సెక్షన్ 8(1)(డి) కింద రిజెక్ట్ చేస్తే కంగారుపడకు. ఎం-బుక్‌లో ఉండేది జనం డబ్బుతో చేసిన పని కొలతలు, రహస్యమేముంది? 30 రోజుల్లో ఫస్ట్ అప్పీల్ వెయ్యి.

పల్లెకుర్రాడు: థాంక్స్ అందరికీ. బోర్డు మీద ఎవరిదో బర్త్‌డే ఫ్లెక్సీ కట్టేశారు, పొద్దున్నే విప్పి తేదీ చూసి ఇక్కడ పెడతా.